ఈజీఆర్ మూయించడం కాదు, ప్యాకింగ్ సరిగా వేయించడం

ఈ మధ్య సభ్యత్వ నమోదుకని ఏ ఊరికి పోయినా మద్దతు ధర, పంటల బీమా, కాలువ నీళ్ల సంగతి అయిపోయాక చివర్లో ఒక ప్రశ్న మా ముందుకొస్తోంది. "బండి నల్లగా పొగ కక్కుతా ఉంది. ఈజీఆర్ మూపిచ్చేస్తే పీడ పోతాదంట గదన్నా, ఏ ప్యాకింగ్ ఏపిచ్చాల?" పెద్దముడియంలో శనగ రైతు అడిగాడు. గండికి పోయే దారిలో వేంపల్లె దగ్గర అరటి లోడు తోలే వ్యాను యజమాని అడిగాడు. ప్రొద్దుటూరు పక్క కె.సి. కెనాల్ కింద ట్రాక్టరు బాడుగకు తిప్పే పిల్లోడూ అడిగాడు.

ఇది మెకానిక్కు చూసుకోవాల్సిన పని, సంఘం పత్రికలో ఎందుకని మాలోనే కొందరన్నారు. మేం అలా అనుకోవడం లేదు. బ్యాంకు అప్పుతో కొన్న ట్రాక్టరు విత్తనం వేసే అదునులో షెడ్డుకు పోతే ఆ నష్టం ఏ బీమాలోనూ రాదు. ఎకరానికి ఎంత పండిందన్నది ఎంత ముఖ్యమో, అదునుకు బండి కదిలిందా లేదా అన్నదీ అంతే ముఖ్యం. అందుకే ఈ నెల దీని మీద రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈజీఆర్ మూయించవద్దు. విప్పించి, శుభ్రం చేయించి, సరైన ప్యాకింగ్ వేయించండి. అయితే "వద్దు" అని చెప్పి చేతులు దులుపుకోవడం అధికారులు చేసే పని. రైతు మూయించుకునేదాకా ఎందుకు వస్తున్నాడు, దానికి బదులు ఏం చేయాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్నవి కూడా మాట్లాడుకోవాలి.

ఈజీఆర్ అంటే ఏమిటి

డీజిల్ ఇంజనులో మంట ఎంత వేడిగా మండితే గాలిలోని నత్రజని అంత ఎక్కువగా ఆక్సిజన్‌తో కలిసి విషవాయువు అవుతుంది. దాన్ని తగ్గించడానికి సైలెన్సరు వైపు పోయే పొగలో కొంత భాగాన్ని ఒక వాల్వు ద్వారా వెనక్కి తిప్పి, ఇంజను పీల్చుకునే గాలిలో కలుపుతారు. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మంట వేడి తగ్గుతుంది. ఆ ఏర్పాటే ఈజీఆర్. చాలా బండ్లలో ఈ పొగను చల్లబరచడానికి రేడియేటరు నీళ్లు తిరిగే చిన్న కూలరు కూడా ఉంటుంది.

మన వ్యాన్లకు, లారీలకు బీఎస్-4 నిబంధన 2017 ఏప్రిల్ నుంచి, బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమల్లోకి వచ్చాయి. ట్రాక్టర్లకు వేరే లెక్క ఉంది. 50 హార్స్‌పవర్ పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 నిబంధన అనేక వాయిదాల తర్వాత 2023 జనవరి 1 నుంచి వచ్చింది. దాంతో పెద్ద ట్రాక్టర్లలో కంప్యూటరుతో నడిచే డీజిల్ పంపు, ఈజీఆర్ వంటివి మామూలయ్యాయి. జమ్మలమడుగు, మైలవరం, పెద్దముడియం వైపు నల్లరేగడిలో లోతు దుక్కికి పెద్ద ట్రాక్టర్లు కావాలి కాబట్టి ఈ బెడద ముందుగా అక్కడి రైతులకే తగిలింది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి ఈ గొడవ ఇంకా రాలేదు. కానీ తర్వాతి దశ నిబంధనలు వాయిదా పడుతున్నాయే గానీ రద్దు కాలేదు. ఇవాళ పెద్ద ట్రాక్టరు రైతుకు వచ్చిన తిప్పలే రేపు చిన్న ట్రాక్టరు రైతుకూ వస్తాయి.

పొగ వెనక్కి తిరిగేటప్పుడు దాంతోపాటు మసి కూడా వస్తుంది. ఇంజను లోపలి నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి దానికి తోడైతే రెండూ కలిసి తారులాగా గట్టిపడి గాలి పోయే దారిని, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డును, కొద్దికొద్దిగా మూసేస్తాయి. గాలి తగ్గితే డీజిల్ సరిగా కాలదు. పొగ నల్లబడుతుంది, లాగుడు తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. రైతు చెప్పే బాధలో అబద్ధం లేదు. అది నిజమైన బాధే.

నల్ల పొగకు ఎప్పుడూ ఈజీఆరే కారణమా?

కాదు. ఎక్కువ మంది మోసపోతున్నది ఇక్కడే. మా సభ్యుడొకరికి జరిగింది చెబుతాం, పేరు అక్కర్లేదు. నల్లరేగడి రైతు. ట్రాక్టరు కొని ఇంకా గ్యారంటీ కాలం దాటలేదు. పొగ వస్తోందని, లాగడం లేదని తెలిసినవాళ్ల మాట విని షెడ్డులో ఈజీఆర్ మూయించాడు. అట్ట షీటు కత్తిరించి, మధ్యలో రంధ్రం లేకుండా ప్యాకింగ్ చేసి బిగించారు. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టనిపించింది. తర్వాత డాష్‌బోర్డులో లైటు వెలిగింది, ఇంజను సగం బలంతోనే నడవడం మొదలుపెట్టింది. సరిగ్గా శనగ విత్తే అదును. విప్పి చూస్తే వేడి వైపు పెట్టిన అట్ట ప్యాకింగ్ మాడి బొగ్గయింది. ఆ సందులోంచి వేడి పొగ కొట్టి పక్కనున్న వైర్ల తొడుగు కరిగింది. అసలు జబ్బు అప్పుడు బయటపడింది. ఇన్‌టేక్ మానిఫోల్డు ప్యాకింగ్ ఒక మూల నలిగి, టర్బో నెట్టే గాలి అక్కడ బయటికి పోతోంది. మొదటి రోజు పొగకు కారణం అదే. దాన్ని మార్చి ఉంటే చిన్న ఖర్చుతో పోయేది. ఈజీఆర్‌ను మార్పించాడు కాబట్టి గ్యారంటీ వర్తించదన్నారు. ఖర్చు మొత్తం అతని మీదే పడింది, పైగా అదును పోయింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. టర్బో ఉన్న ఇంజనులో మానిఫోల్డు ప్యాకింగ్ లీకైతే లోపలి గాలి బయటికి పోతుంది. గాలి చాలక పొగ నల్లబడుతుంది. టర్బో లేని ఇంజనులో లీకైతే బయటి గాలి లోపలికి పోతుంది. ఆ గాలి ఎయిర్ ఫిల్టరు దాటి రాలేదు, నేరుగా దూరింది. మన మెట్ట పొలాల్లో ఎండాకాలం రోటవేటరు తోలేటప్పుడు లేచే దుమ్మును తలుచుకోండి. ఆ దుమ్ము ఫిల్టరు లేకుండా సిలిండరులోకి పోతే ఆకురాయిలా పనిచేస్తుంది. రింగులు, లైనర్లు అరుగుతాయి, ఇంజను ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. టర్బో ఉన్న బండిలో కూడా ఫిల్టరుకు, టర్బోకు మధ్య గొట్టం బిగువు తప్పితే ఇదే ప్రమాదం.

కాబట్టి పొగ వచ్చిందంటే ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. తర్వాత గాలి గొట్టాల క్లిప్పులు, ఆ తర్వాత మానిఫోల్డు అతుకు. అతుకు చుట్టూ నల్లటి, జిడ్డు చార కనిపిస్తే అక్కడ లీకున్నట్టే. మెకానిక్కు దగ్గర ఇంజను ఆపి, గాలి దారిని మూసి తక్కువ ఒత్తిడితో గాలి పట్టించి, అతుకుల మీద సబ్బునీళ్లు పూస్తే బుడగలు చెప్పేస్తాయి. లీకు కనిపెట్టడానికి పెట్రోలు గానీ స్ప్రే గానీ కొట్టనివ్వవద్దు. వేడి సైలెన్సరు పక్కన అది నిప్పుతో చెలగాటం. పైగా డీజిల్ ఇంజను దాన్ని పీల్చుకుంటే అదుపు తప్పి రేసెక్కిపోవచ్చు. ఇవన్నీ చూశాక ఇంజెక్టర్లు. ఈజీఆర్ దగ్గరికి చివర్లో పోవాలి.

ఏ ప్యాకింగ్ వేయాలి

మానిఫోల్డు విప్పక తప్పలేదనుకోండి. మసి గీకించడానికో, లీకు మాన్పించడానికో విప్పారు. ఇక్కడ ప్యాకింగే ప్రాణం. మేం పాత మెకానిక్కులతో కూర్చొని మాట్లాడుకున్నవి, మా బండ్ల మీద నేర్చుకున్నవి చెబుతున్నాం.

మొదటిది, బండి పేరు చెప్పి ప్యాకింగ్ కొనవద్దు, ఇంజను నంబరు చెప్పి కొనండి. ఒకే పేరున్న ట్రాక్టరు ఈజీఆర్ లేకుండా ఒక ఏడాది, ఈజీఆర్‌తో మరో ఏడాది వచ్చి ఉండవచ్చు. రెండింటి ప్యాకింగులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బోల్టు రంధ్రాలు కూడా సరిపోవచ్చు. కానీ ఒకదాంట్లో పొగ తిరిగే రంధ్రం ఉంటుంది, ఇంకొకదాంట్లో ఉండదు. రంధ్రం లేనిది వేస్తే మనకు తెలియకుండానే ఈజీఆర్ మూసినట్టే. పాతదాన్ని పారేయకుండా కొత్తదాని మీద పెట్టి ప్రతి రంధ్రం సరిచూడండి. ప్యాకింగ్ అంచు గాలి దారిలోకి తొంగిచూడకూడదు.

రెండోది, చల్లని వైపు వేరు, వేడి వైపు వేరు. గాలి మాత్రమే పోయే అతుకుల దగ్గర రబ్బరు కలిసిన ఫైబర్ ప్యాకింగ్, అచ్చు రబ్బరు ప్యాకింగ్, లేదా ఉక్కు పొరల ప్యాకింగ్, కంపెనీ ఏది పెట్టిందో అదే వేయాలి. ఈజీఆర్ వాల్వు, కూలరు, ఎగ్జాస్టు మానిఫోల్డు కలిసే చోట్ల లోడు మీద పొగ వేడి అయిదారు వందల డిగ్రీలు ఉంటుంది. అక్కడ ఉక్కు పొరలది గానీ, మధ్యలో ఉక్కు రేకున్న గ్రాఫైట్‌ది గానీ ఉండాలి. అట్ట, కార్కు, మామూలు రబ్బరు అక్కడ నిలబడవు.

మూడోది, మందం. "కొంచెం సందుంది, రెండు ప్యాకింగులు వేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. సందుందంటే లోహం వంగింది. నిటారు బద్ద పెట్టి ఫీలర్ గేజీతో చూడాలి. పుస్తకంలో చెప్పిన హద్దు దాటి వంగి ఉంటే లేతు షాపులో సాపు చేయించాలి. వంకరను ప్యాకింగ్ సరిచేయదు.

నాలుగోది, గమ్ము. ప్యాకింగ్ మీద ఇంకాస్త గట్టిగా ఉంటుందని ట్యూబు గమ్ము దట్టించడం మన షెడ్లలో అలవాటు. బిగించినప్పుడు అది లోపలికి కూడా ఉబుకుతుంది. గట్టిపడి తునిగిన ముక్క గాలితోపాటు వాల్వుల్లోకి పోతుంది. కంపెనీ పుస్తకం గమ్ము పూయమన్న చోటే, చెప్పినంతే పూయాలి. మిగతా చోట్ల పొడి ప్యాకింగే మేలు.

అయిదోది, శుభ్రం చేసే తీరు. మానిఫోల్డును ఇంజను మీద ఉంచి గీకకూడదు. విప్పి బయటికి తీసి కడగాలి. తీసిన వెంటనే ఇంజను వైపు రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కాలి, బిగించే ముందు గుడ్డలు లెక్కపెట్టి తీయాలి. ఒక్క మసి గడ్డ లోపల పడినా వాల్వు కింద ఇరుక్కుంటుంది. అల్యూమినియం ముఖాన్ని ఉలితో, హ్యాక్సా బ్లేడుతో గీకితే గాట్లు పడి కొత్త ప్యాకింగ్ కూడా లీకవుతుంది. చెక్క గానీ ప్లాస్టిక్కు గానీ వాడాలి. సెన్సార్లను తీసి పక్కన పెట్టాకే కడగాలి.

ఆరోది, బిగింపు. మధ్య బోల్టుతో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి అంచుల దాకా, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో పుస్తకంలో ఉన్నంత బిగువే పెట్టాలి. బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియంలో మర పోతుంది. ఒకసారి నలిగిన ప్యాకింగ్‌ను మళ్లీ వేయవద్దు. ప్యాకింగ్ దగ్గర మిగిల్చిన డబ్బు మూడింతలై ఖర్చవుతుంది.

చివరిగా పాత ఇంజన్ల గురించి ఒక మాట. ఏళ్ల క్రితపు ఇంజన్లలో రాతినార కలిసిన ప్యాకింగులు ఉండవచ్చు. పులివెందుల పక్క బ్రాహ్మణపల్లె గనుల్లో రాతినార తవ్విన ప్రాంతం మనది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో మనకు వేరే ఎవరో చెప్పనక్కర్లేదు. పాత ప్యాకింగ్‌ను పొడిగా గీకవద్దు, గ్రైండరు పెట్టవద్దు, గాలి కొట్టవద్దు. నీళ్లతో బాగా తడిపి తీసి, సంచిలో మూట కట్టండి. పక్కన పిల్లల్ని ఉంచవద్దు.

మసి మళ్లీ పేరుకోకుండా చూసుకోవడం మన చేతుల్లో కూడా కొంత ఉంది. గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ ఇంజనును గంటలు గంటలు ఊరికే నడిపితే మసి పెరుగుతుంది. మన ఎండలకు ఇంజను వేడెక్కుతోందని కొందరు థర్మోస్టాట్ వాల్వు తీసి పారేయిస్తారు. అప్పుడు ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ సరిగా కాలదు. వేడెక్కితే రేడియేటరు జాలిలో ఇరుక్కున్న పొట్టు, దుమ్ము చూసుకోవాలి గానీ వాల్వు తీయించకూడదు. ఆయిల్ కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి.

మూయిస్తే ఏం పోతుంది

కంప్యూటరు లేని పాత పంపు బండ్లలో ఈజీఆర్ మూస్తే లైటు వెలగదు, లాగుడు బాగున్నట్టే ఉంటుంది, మసి పేరుకోవడం కూడా ఆగుతుంది. ఈ సంగతి దాచం. దాచితే రైతు మా మాట నమ్మడు. కానీ కొత్త బండ్లలో కథ వేరు. వాల్వు తెరిచానని కంప్యూటరు అనుకుంటుంది, వచ్చే గాలి లెక్క మాత్రం సరిపోదు. లైటు వెలుగుతుంది, బలం తగ్గిస్తుంది. దాన్ని దాటడానికి సాఫ్ట్‌వేర్ మార్పించాలంటారు. ఒకసారి మార్పించాక ఇంకో జబ్బు వస్తే కనిపెట్టడం ఏ మెకానిక్కుకైనా కష్టమే. మసి ఫిల్టరు ఉన్న వ్యాన్లలో ఆ ఫిల్టరు లెక్క కూడా తప్పుతుంది.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చవద్దంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అలా మార్పించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ వేయవచ్చు. 190వ సెక్షన్ కింద కాలుష్య ప్రమాణాలు మీరి బండి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు ఉన్నాయి. పొలంలో ఎవరు పట్టుకుంటారనుకోవచ్చు. యార్డుకు పంట తోలేటప్పుడు రోడ్డెక్కాల్సిందే కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది గాలి. ట్రాక్టరు పొగను ముందుగా పీల్చేది సీటు మీద కూర్చున్న మన కొడుకు, వెనక నడిచే కూలి. డీజిల్ పొగ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012 జూన్‌లో తేల్చి చెప్పింది. ఈజీఆర్ తగ్గించే నత్రజని వాయువులు ఎండలో ఇతర ఆవిర్లతో కలిసి నేల దగ్గర ఓజోన్‌గా మారతాయి. అది ఆకుల్ని మాడ్చి గోధుమ, సోయా వంటి పంటల దిగుబడి తగ్గిస్తుంది. మన పొగ తిరిగి మన పంట మీదే పడుతుంది.

"ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, వాటి ముందు నా ట్రాక్టరు ఎంత?" అని జమ్మలమడుగు రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. దేశంలోని బొగ్గు విద్యుత్ కేంద్రాలు గంధకపు పొగను కడిగే యంత్రాలు పెట్టాలని కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన తెచ్చింది. గడువు మీద గడువు పొడిగిస్తూ వచ్చి 2025 జూలైలో వాటిలో అత్యధిక భాగానికి ఆ యంత్రాలు అక్కర్లేదని చెప్పేసింది. పెద్దవాళ్లకు మినహాయింపు, రైతుకు జైలు సెక్షన్. ఈ అన్యాయాన్ని సంఘం నిలదీస్తుంది. అయితే వాళ్లకు ఒక నీతి, మనకు ఒక నీతి ఎందుకని అడగాలంటే మన చేతులు శుభ్రంగా ఉండాలి. మనమూ పొగ వదులుతూ వాళ్లను ప్రశ్నిస్తే మాట నిలవదు.

అసలు తప్పు ఎక్కడుంది

రైతు సరదాకు ఈజీఆర్ మూయించడం లేదు. షోరూం సర్వీసుకు పోతే వాల్వు, కూలరు కలిపి మార్చమంటారు, ఆ బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది. శుభ్రం చేస్తే సరిపోయే దానికి కూడా మార్పే మందు అంటారు. ఊరి మెకానిక్కు శుభ్రం చేయగలడు గానీ, అతని దగ్గర తప్పు కోడు చదివే పరికరం ఉండదు, బోల్టు బిగువు చెప్పే పుస్తకం ఉండదు. అసలైన ప్యాకింగ్ విడిగా దొరకదు, సెట్టు మొత్తం కొనమంటారు. చట్టమేమో మూయవద్దంటుంది. సక్రమంగా బాగు చేయించుకునే దారి మూసేసి, అడ్డదారి పట్టాడని రైతును తప్పుపడితే ఎలా?

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో రైతులు తమ ట్రాక్టర్లను తామే బాగు చేసుకునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల కోసమే ఒక చట్టం చేసింది, అది 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. విడిభాగాలు, పుస్తకాలు, పరికరాలు రైతులకు, బయటి మెకానిక్కులకు ఇవ్వాలని ఆ చట్టం కంపెనీలను ఆదేశిస్తుంది. మన దేశంలోనూ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. ముందుగా తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పనిముట్లు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో ఒక వెబ్‌సైటు కూడా తెరిచారు. వెబ్‌సైటుతో మానిఫోల్డు బిగుసుకోదు. ఇవ్వకపోతే శిక్ష పడే చట్టం కావాలి.

అందుకే సంఘం తరఫున ఈ డిమాండ్లు పెడుతున్నాం.

ఈజీఆర్ వాల్వు, కూలరు, ప్యాకింగులు విడివిడిగా, ముద్రించిన ధరకు, బయటి మెకానిక్కులకు కూడా అమ్మాలి. బిగువు లెక్కలు, శుభ్రం చేసే పద్ధతి ఉన్న సర్వీసు పుస్తకాన్ని ప్రతి ట్రాక్టరుతో తెలుగులో ఇవ్వాలి. బాగు చేయదగ్గ భాగాన్ని మార్చమన్నప్పుడు కారణం కాగితం మీద రాసివ్వాలి. కంపెనీ షెడ్డులో కాకుండా బయట శుభ్రం చేయించినంత మాత్రాన గ్యారంటీ ఎత్తేయకూడదు.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మన జిల్లా ఊరి మెకానిక్కులకు అక్కడ కొత్త ఇంజన్ల మీద భత్యం ఇచ్చి శిక్షణ ఇప్పించాలి. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. అక్కడి పిల్లలు మన పొలాలకు వచ్చి ఏడాదికి రెండుసార్లు, విత్తనానికి ముందు, ట్రాక్టర్ల తనిఖీ శిబిరాలు పెడితే వాళ్లకు చదువు, మనకు మేలు. తప్పు కోడు చదివే పరికరం మండలానికొకటి, అద్దె యంత్రాల కేంద్రంలో ఉంచాలి.

సంఘం చేయగలిగింది సంఘమే చేస్తుంది. శనగ, బుడ్డల సేద్యం మొదలయ్యేలోపు జమ్మలమడుగులో, వేంపల్లెలో, ప్రొద్దుటూరులో ఒక్కో రోజు మానిఫోల్డు శుభ్రం చేసే పనిని మెకానిక్కులతో రైతుల ముందు చేయించాలని మా ఆలోచన. మంచి టార్క్ రెంచి ఒకటి, ఫీలర్ గేజి ఒకటి గ్రామ కమిటీ డబ్బుతో కొని పదిమందీ వాడుకోవచ్చు. ఇవి ఎక్కువ ఖర్చున్న పనులు కావు. మూయించిన బండి ఉన్నవాళ్లు సిగ్గుపడి దాచవద్దు. తీసుకురండి, మళ్లీ సరిచేయించుకుందాం. ఎంత బిల్లు వేశారో, ఏ భాగం ఇవ్వమన్నారో, ఏది ఇవ్వలేదో కాగితాలతో సహా సంఘం కార్యాలయానికి ఇవ్వండి. ఆ కాగితాల కట్టే రేపు కలెక్టరు ముందు, వినియోగదారుల కమిషను ముందు మన బలం.

మన తాతలు మడక కర్ర విరిగితే వడ్లాయన దగ్గరికి పోయి పొద్దుగూకేలోపు చేయించుకొచ్చేవాళ్లు. ఆ మడక వాళ్ల సొంతం, దాన్ని బాగు చేసుకునే తెలివి ఊళ్లో ఉండేది. ఇవాళ ట్రాక్టరు మన పేరు మీద ఉంది, అప్పు మన పేరు మీద ఉంది, బాగు చేసుకునే హక్కు మాత్రం మన దగ్గర లేదు. ఆ హక్కు కోసం కొట్లాడదాం. అది వచ్చేదాకా మానిఫోల్డు విప్పిన ప్రతిసారీ ప్యాకింగ్ రంధ్రాలు లెక్కపెట్టుకుందాం.